ఐదుగురు చదవాల్సిన రహస్యం

అలెగ్జాండ్రియా నగర వర్షజల నిష్క్రమణ సంస్థ అక్టోబరు మొదటి వారంలో ఒక చారిత్రాత్మకమైన సర్క్యులరు జారీ చేసింది. దాని ప్రకారం, పంపు దగ్గరికి వెళ్ళి పంపు వేసే అనాగరిక పద్ధతి ఆ రోజు నుంచి రద్దయింది. ఇకపై ఎనిమిదో నంబరు పంపింగ్ స్టేషనులోని కంప్యూటరును ప్రధాన కార్యాలయంలోని కంప్యూటరు నుంచే, అత్యంత భద్రమైన మార్గంలో, కుర్చీలోంచి లేవకుండా నడుపుతారు. కుర్చీలోంచి లేవకుండా ఉండటంలో సంస్థకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది కనుక పథకం విజయం మీద ఎవరికీ అనుమానం కలగలేదు.

ఇంతకీ ఆ అవసరం ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళు ఉంటారు. ఎనిమిదో స్టేషను సర్దీన్ సందు చివర, ఊరి మొత్తానికి పల్లపు చోట ఉంది. నీళ్ళు తోడే పంపును నీళ్ళు చేరే చోటే పెట్టాలన్నది శాస్త్రం. అక్కడికి మనిషి ఎలా చేరాలన్న సంగతి శాస్త్రంలో లేదు. కాబట్టి ప్రతి తుఫానులోనూ మొట్టమొదట మునిగేది పంపుకు పోయే దారే. కిందటేడు ఆపరేటరు దసూఖీ చేపల పడవ మాట్లాడుకుని మూడో రోజుకు పంపు దగ్గరికి చేరుకున్నాడు. అప్పటికి నీళ్ళు వాటంతట అవే పోయాయి. అంత దూరం వచ్చి ఊరికే పోవడం బాగుండదని పంపు వేసి, రెండు గంటలు గాలి తోడి, రిజిస్టరులో సంతకం చేసి వెళ్ళాడు. ఆ సంతకం చూసే ఆ ఏడు సంస్థకు ప్రశంసాపత్రం వచ్చింది.

పథకాన్ని అమలు చేసే బాధ్యత ఇంజినీరు నజ్లాకు అప్పజెప్పారు. ఆమెకు ఆ పని వచ్చు. పని వచ్చినవాళ్ళకే పని అప్పజెప్పడం సంస్థలో అరుదుగా జరిగే పొరపాటు, జరిగిపోయింది. నజ్లా కాదనలేదు. కాదనకపోవడానికి ఆమెకు సొంత కారణం ఒకటుంది. ఆమె అక్క విదాద్ సర్దీన్ సందులోనే పెళ్ళి గౌన్లు కుడుతుంది. సందులోంచి ఐదు మెట్లు ఎక్కి, గడప దాటి, లోపల ఏడు మెట్లు దిగితే విదాద్ కుట్టుగది. నీళ్ళు ఐదో మెట్టు దాటాయా, గది తొట్టిలా నిండుతుంది. కిందటేడు నిండింది. నాలుగు కుట్టు మిషన్లూ మునిగాయి. మెకానిక్కు మూడింటిని బతికించాడు, నాలుగోది ఇప్పటికీ కుట్టు మధ్యలో ఆగి ఆలోచిస్తుంది. ఇంకోసారి మునిగితే విదాద్ ఆ వ్యాపారం మానుకోవలసిందే.

ఆ ఊళ్ళో తుఫానులు చెప్పా పెట్టకుండా రావు. ఒక్కొక్కదానికీ పేరుంది, తేదీ ఉంది, క్యాలెండరులో అచ్చువేసి గోడలకు తగిలించి ఉంటుంది. నవంబరు పదహారుకు వచ్చేదాన్ని చీపురు తుఫాను అంటారు. ప్రభుత్వంతో సంబంధం లేదు కాబట్టి అది వేళకే వస్తుంది.

"ఏమే, ఈసారైనా మీ ఆఫీసు కదులుతుందా, నన్ను మిషన్లు అమ్మేసుకుని టీ కొట్టు పెట్టుకోమంటావా?" అంది విదాద్ ఫోనులో.

"కదలక్కర్లేదక్కా. ఈసారి కూచునే పంపు వేస్తాం."

"మీరు కూచునుండటం నాకేం కొత్త కాదులే."

నజ్లా ఆ మాటకు నొచ్చుకుని, మర్నాడే పని మొదలుపెట్టి ఇరవై నిమిషాల్లో ముగించింది. చేసింది ఇంతే. తన కంప్యూటరులో ఒక జంట ఫైళ్ళు పుట్టించింది. అందులో ఒకటి అవతలి కంప్యూటరుకు ఇచ్చేది, దాన్ని ఎవరు చూసినా నష్టం లేదు. రెండోది తన దగ్గరే ఉంచుకునేది, ఇంకొకరి కంట పడకూడనిది. తలుపు కొట్టినప్పుడు ఈ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే అవతలివాడు లోపలికి రానిస్తాడు. తర్వాత ఐదు వరుసల చిన్న పత్రం రాసుకుంది: అవతలి కంప్యూటరుకు ముద్దుపేరు, దాని చిరునామా, ఏ ద్వారం తట్టాలి, ఏ పేరుతో లోపలికి వెళ్ళాలి, ఏ రహస్య ఫైలు చూపించాలి. ముద్దుపేరు 'ఎనిమిది' అని పెట్టింది. అవతలికి ఇవ్వాల్సిన ఫైలును దసూఖీ స్టేషను కంప్యూటరులో పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. ఆమె నిజాయితీ గల ఉద్యోగి కావడంతో, పని పూర్తయిందని డైరెక్టరు జనరలు రుష్దీ బే గారికి రాతపూర్వకంగా తెలియజేసింది.

రుష్దీ బే గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, వెంటనే కమిటీ వేశారు. కమిటీలో ఆయన, ఆయన డిప్యూటీ, న్యాయ సలహాదారు, భద్రతాధికారి, దస్తావేజుల విభాగం తరఫున మదామ్ ఇన్సాఫ్ ఉన్నారు. మొదటి సమావేశంలో బే గారు లేచి నిలబడి మాట్లాడారు.

"మిత్రులారా, ఇంజినీరు నజ్లా శ్రమను నేను మనసారా అభినందిస్తున్నాను. కానీ ఆమె తన ఒక్కదానికే కనబడే ఫైలు ఒకటి ఉందని స్వయంగా రాశారు. నేను అడిగేది ఒక్కటే. రహస్యం అంటే ఏమిటి? ఒక్కరికే తెలిసింది రహస్యం కాదు, అనుమానాస్పదం. ఐదుగురికి తెలిసి, ఐదుగురూ సంతకం పెట్టిందే అసలైన రహస్యం. ఈ దేశం అలాగే నడుస్తోంది."

చప్పట్లు కొట్టారు. రహస్య ఫైలును కమిటీ సభ్యులు ఐదుగురూ తమ కంప్యూటర్ల నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకునే వీలు కల్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. నజ్లా లేచి, అలా చేస్తే అది పనిచెయ్యదని చెప్పింది. చెయ్యకముందే ఎలా తెలుసని న్యాయ సలహాదారు అడిగాడు. ఆమె చేసి చూపించింది. ఫైలును ఐదుగురికీ తెరిచి, అవతలి తలుపు కొట్టింది. తెర మీద సమాధానం వచ్చింది: ఈ ఫైలు మరీ ఎక్కువమందికి కనబడుతోంది, దీన్ని పరిగణనలోకి తీసుకోవడం లేదు.

డైరెక్టరు జనరలు చదవదగిన కాగితాన్ని ఒక యంత్రం పరిగణనలోకి తీసుకోకపోవడం సంస్థ చరిత్రలో ఇదే మొదలు. భద్రతాధికారి ఆ తెరను ఫొటో తీసుకున్నాడు. యంత్రం మీద క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం ఎవరిదో తేల్చమని మంత్రిత్వ శాఖకు లేఖ వెళ్ళింది. యంత్రం సర్వీసు నిబంధనల పరిధిలోకి రాదని, దానితో పనిచేసే ఉద్యోగి వస్తుందని వారంలోగా జవాబు రావడంతో, నజ్లా నుంచి సంజాయిషీ తీసుకున్నారు.

ఈలోగా మదామ్ ఇన్సాఫ్ తన కర్తవ్యం తాను నిర్వర్తించింది. ఫైలు అన్నాక దస్తావేజుల్లో ప్రతి ఉండాలి. ఆమె రహస్య ఫైలును ముప్పై ఎనిమిది వరుసలూ కాగితం మీద అచ్చు తీయించి, గద్ద బొమ్మ గల సర్కారీ ముద్ర గట్టిగా వేసి, పారదర్శకత సర్క్యులరు ప్రకారం ఒక ప్రతిని నోటీసు బోర్డులో, మౌలిద్ పండగ మిఠాయి చందాల జాబితా పక్కన అతికించింది. ఆమె శ్రద్ధకు వంక పెట్టలేం, మిఠాయి జాబితాకు వేసిన పిన్నుల కన్నా దీనికి రెండు ఎక్కువే వేసింది. నజ్లా ఆ బోర్డు ముందు నిలబడి, ఊరందరి రహస్యమైపోయిన తన రహస్యాన్ని చదువుకుని, వెనక్కి వచ్చి ఆ జంటను రద్దుచేసి కొత్త జంటను పుట్టించి, అవతలి ఫైలును దసూఖీ చేత మార్పించింది. దాన్నీ మర్నాడు బోర్డుకెక్కించారు. మూడో జంటకు మాత్రం ఆమె తెలివి తెచ్చుకుని, అచ్చు తీయడానికి ముందే మదామ్ ఇన్సాఫ్ గదికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"మదామ్, నవంబరు పదహారుకు ఇంకా పన్నెండు రోజులే ఉంది. మా అక్క గది సంగతి మీకు తెలుసు. మీరు ఇలా అతికిస్తూ పోతే నేను ఇలా పుట్టిస్తూనే పోవాలి."

మదామ్ ఇన్సాఫ్ తింటున్న బీన్స్ శాండ్‌విచ్ కింద పెట్టి, వేళ్ళు తుడుచుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు ఆమెది. గద్ద ముద్ర ఆమె మెడలోని సంచిలో, కొడుకుల ఫొటోలతో పాటు ఉంటుంది.

"పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ. తెరిస్తే యంత్రం ఒప్పుకోదు కాబట్టి ఐదుగురికీ కాగితం మీదే ప్రతులిద్దాం, అందులో ఏముండాలో ఎవరన్నారు? ఐదు కవర్లు తే. ఐదింట్లో తెల్లకాగితం పెడదాం. పైన 'అత్యంత రహస్యం' అని రాసి నేను ముద్ర వేస్తా."

"విప్పి చూస్తే?"

"ముద్ర వేసిన కవరు విప్పిన అధికారిని నా సర్వీసులో నేనింకా చూడలేదమ్మాయ్. విప్పితే, విప్పానని సంతకం పెట్టాలి కదా."

ఐదు తెల్లకాగితాలు ఐదు బీరువాల్లో భద్రపడ్డాయి. రుష్దీ బే గారు తన కవరును చేత్తో తూచి చూసి, భద్రత అంటే ఇలా ఉండాలన్నారు. నజ్లా అసలు ఫైలును తనకొక్కదానికే కనబడేలా మార్చి, ఊపిరి పీల్చుకుని, 'ఎనిమిది' తలుపు మళ్ళీ కొట్టింది. ఈసారి తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది. అవతలి కంప్యూటరు ఎవరో నాకు పరిచయం లేదు, దాని గుర్తు ఇది, నమ్మి ముందుకు పొమ్మంటారా, అవునా కాదా?

ఇది న్యాయమైన ప్రశ్నే. మొదటిసారి ఎవరింటికైనా వెళ్ళినప్పుడు తలుపు తీసింది ఆ ఇంటివాళ్ళో కాదో చూసుకోవడం ఎవరికైనా మంచిది. నజ్లా స్టేషనుకు ఫోను చేసి, అక్కడి కంప్యూటరు తన గుర్తుగా చూపే నలభై మూడు అక్షరాలనూ దసూఖీ చేత చదివించింది.

"పెద్ద ఆర్. చిన్న క్యూ. ఏడు. తర్వాత ఒక వాలు గీత, ఇంజినీరమ్మా, గాలికి వాన పడ్డట్టు."

"తర్వాత?"

"తర్వాత సున్నా. కాదు, ఆగు, కళ్ళజోడు తుడుచుకోనీ. ఓ. పెద్ద ఓ. నా కడుపులాగుంది."

"సరే బాబాయ్. కానీ."

నలభై మూడూ సరిపోయాయి. అవతల ఉన్నది తమ కంప్యూటరేనని నజ్లాకు ఇసుమంత అనుమానం లేదు. మిగిలింది 'అవును' అనడం. అక్కడే చిక్కు వచ్చింది. సంస్థలో 'కాదు' అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వాకిట్లో కాపలావాడు కూడా అనవచ్చు. 'అవును' అనడానికి కమిటీ ఉండాలి. పందొమ్మిదేళ్ళ సర్వీసులో నజ్లా ఆ రెండో మాట ఒంటరిగా అన్నది లేదు.

కమిటీ రెండోసారి కూర్చుంది. ఎవరినైనా గుర్తించడానికి సంస్థలో ఉన్నది ఒకే ఫారం, ఉద్యోగార్థుల గుర్తింపు ఫారం. అదే నింపారు. తండ్రి పేరు దగ్గర సరఫరాదారు పేరు రాశారు. మతం గడి దగ్గర పెన్ను ఆగింది. సున్నితమైన విషయం కనుక పై అధికారుల విచక్షణకు వదిలారు. ఆఖరి గడిలో, సదరు వ్యక్తిని కనీసం ఐదేళ్ళుగా స్వయంగా ఎరిగిన ఇద్దరు ప్రభుత్వోద్యోగులు సంతకం చెయ్యాలి. కంప్యూటరు కొని ఎనిమిది నెలలైంది. న్యాయ సలహాదారు వేళ్ళ మీద లెక్కవేసి, ఇంకో నాలుగేళ్ళ నాలుగు నెలలకు 'అవును' అనవచ్చని అభిప్రాయపడ్డాడు.

"తుఫాను పదహారునండీ," అంది నజ్లా.

"తుఫాను ప్రతి ఏడూ వస్తుందమ్మా," అన్నారు రుష్దీ బే గారు ఓదార్పుగా. "నిబంధన ఒకసారి పోతే తిరిగి రాదు."

పదహారో తారీఖు వచ్చింది. చీపురు తుఫాను ఉదయం పదింటికి, ఆఫీసు హాజరు పట్టీ మూసిన కాసేపటికి ఊళ్ళోకి దిగింది. రుష్దీ బే గారు ఆ రోజు షర్మ్ అల్-షేఖ్‌లో, ఎండగా ఉన్న హోటల్లో, 'దూరం ఇక దూరం కాదు' అన్న అంశం మీద జాతీయ సదస్సులో ప్రసంగిస్తున్నారు. దసూఖీ తన ఇంట్లో ఉన్నాడు, సర్దీన్ సందుకు పోయే దారి మామూలు ప్రకారం ముందే మునిగింది. ఆఫీసులో నజ్లా, మదామ్ ఇన్సాఫ్, వెలుగుతున్న తెర, దాని మీద ఆ ప్రశ్న మాత్రమే ఉన్నాయి.

పదకొండుకు విదాద్ ఫోను చేసింది. మొదటి మెట్టు మునిగిందని చెప్పింది. పనివాళ్ళు రాలేదని, మిషన్లు పైకి మొయ్యడానికి మనిషి దొరకలేదని, ఒక్కతే మొయ్యలేకపోతోందని, రేపటి పెళ్ళికూతురి గౌను ఒకటి ఇంకా మిషను మీదే ఉందని చెప్పింది. వేళాకోళం ఆడలేదు. అదే నజ్లాకు ఎక్కువ భయం పుట్టించింది.

"రెండో మెట్టు తడుస్తోందే," అంది విదాద్. ఫోను పెట్టెయ్యలేదు.

నజ్లా మదామ్ ఇన్సాఫ్ వైపు చూసింది. మదామ్ ఇన్సాఫ్ మెడలో సంచిని పిడికిట్లో పట్టుకుంది.

"నన్ను అడగకు. నువ్వు అవునంటే దానికి ముద్ర కావాలి. ముద్ర వేస్తే నా పేరొస్తుంది. వచ్చే జూన్‌లో నా రిటైర్మెంటు." అని లేచి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. "నేను వాన చూస్తున్నా. వెనకేం జరుగుతుందో నాకు కనబడదు. త్వరగా కానీ."

ఇంత చిన్న మాటకు ఇంత భయమా అని నజ్లాకు తన మీద తనకే ఏడుపొచ్చింది. 'అవును' అని కొట్టింది. తలుపు తెరుచుకుంది. పంపు వేసింది. ఎనిమిదో నంబరు పంపు, చరిత్రలో మొట్టమొదటిసారి, నీళ్ళు ఉండగా నడిచింది.

"ఆగిందే," అంది విదాద్ పావుగంట తర్వాత. "రెండో మెట్టు సగంలో ఆగింది. దిగుతోంది. చచ్చినంత పనైంది తల్లీ నాకు." ఇద్దరూ కొంతసేపు ఏడ్చుకున్నారు. సర్దీన్ సందులో ఆ రోజు ఒక్క ఇల్లు మునగలేదు, ఒక్క మిషను తడవలేదు, గౌను పెళ్ళికి అందింది.

ఇంతటి అఘాయిత్యం విచారణ లేకుండా పోదు. సదస్సు నుంచి భద్రతా కవచం అనే బహుమతితో తిరిగొచ్చిన రుష్దీ బే గారు, తుఫాను రోజంతా సంస్థ కంప్యూటరులోకి ఒక్క పరాయివాడు కూడా జొరబడలేకపోయాడని, సొంతవాళ్ళలో కూడా ఒక్కరే జొరబడగలిగారని పత్రికలకు ప్రకటన ఇచ్చి, ఆ ఒక్కరి మీద విచారణకు ఆదేశించారు. అపరిచిత యంత్రానికి ఏకపక్షంగా అవునని చెప్పడం, ప్రభుత్వపు వాన నీటిని ముందస్తు మంజూరు లేకుండా సముద్రంలో కలపడం అభియోగాలు. యంత్రానికి ఒకసారి అవునని చెప్పాక అది మళ్ళీ ఆ ప్రశ్న అడగడం మానేసిందని, ఇది దురలవాటని భద్రతాధికారి రాశాడు. విచారణలో నజ్లా తలవంచుకోలేదు. సందు మునిగేదని, తాను ఆపానని చెప్పింది. మునిగేదనడానికి సాక్ష్యం ఏమిటన్నారు. మునగలేదు కనుక సాక్ష్యం లేదు.

అయినా సందు జనమే వచ్చి చెబుతారని ఆమె ధైర్యంగా ఉంది. సందు జనం నిజంగానే కదిలారు. నాలుగో రోజు నలభై ఒక్క సంతకాలతో వినతిపత్రం వచ్చింది. తాతల నాటి నుంచి తమ సందు ఏటా మునుగుతోందని, మునిగిన ఇంటికల్లా శాసనసభ్యుడు స్వయంగా వచ్చి రెండేసి దుప్పట్లు, ఒక నూనె డబ్బా, నష్టపరిహారం ఇచ్చి ఫొటో దిగి వెళ్తాడని, ఈ ఏడు సందు పొడిగా ఉండటాన ఆయన రాలేదని, ఆనవాయితీగా తమకు రావలసిన నీటిని ఎవరు, ఎవరి అనుమతితో ఆపారో తేల్చి తగిన చర్య తీసుకోవాలని అందులో కోరారు. ఆ కాగితానికి మదామ్ ఇన్సాఫ్ అదే రోజు ముద్ర వేయవలసి వచ్చింది. ఆ ఏడాది మొత్తంలో ఒక్కరోజులో కదిలిన కాగితం అదే. మదామ్ ఇన్సాఫ్ దాన్ని నజ్లా ముందు పెట్టి, పదిహేడో సంతకం దగ్గర వేలు ఉంచింది. గుండ్రటి అక్షరాలు, కుట్టు పెట్టినట్టు. విదాద్ సంతకం.

నజ్లాను పని నుంచి తీసేస్తే 'ఎనిమిది' తలుపు తెరిచేవాళ్ళు లేరు. ఉంచితే తప్పును సమర్థించినట్టు. కమిటీ మధ్యేమార్గంగా ఆమె జీతంలో మూడు రోజులది కోసి, వచ్చే ఏటి నుంచి నీరు ఆమోదిత మట్టానికి చేరాకే పంపు వెయ్యాలని ఆదేశించింది. ఆ మట్టం ఎంతో ఆమెనే ప్రతిపాదించి పంపమంది. ఆమె ఆ కాగితం ముందు పెట్టుకుని అక్కకు ఫోను చేసింది.

"నువ్వెందుకు పెట్టావక్కా సంతకం?"

"అదేంటే, సందంతా పెట్టారు. నేనొక్కదాన్నీ పెట్టకపోతే వాళ్ళ మొహాలు రేపెట్లా చూడను? అయినా అందులో నీ పేరేం రాయలేదుగా. నీదేమో ప్రభుత్వోద్యోగం, నిన్నేం చేస్తారు."

అవతల పనివాళ్ళు కుడుతున్న మిషన్ల చప్పుడు వినబడుతోంది, నాలుగూ నడుస్తున్నాయి.

"కోపం తెచ్చుకోకే. నీ మేలు నేను మరచిపోతానా. నేను చెప్పేది విను, వచ్చే ఏడు కాస్త ఆలస్యంగా వెయ్యి. నాలుగో మెట్టు దాకా రానీ. మా గడపకు ఐదున్నాయి, నాకేం కాదు. దుప్పట్లవాళ్ళూ వస్తారు."

"ఎదురింటివాళ్ళకు రెండే మెట్లు కదక్కా?"

"వాళ్ళకు అలవాటేలేవే," అంది విదాద్.

నజ్లా కాగితం దగ్గరికి లాక్కుని, ప్రతిపాదిత మట్టం అన్న గడిలో 'నాలుగో మెట్టు' అని రాసి, సంతకం పెట్టింది.